తలకాడ సోఫా

మా అత్త ఉమామహేశ్వరమ్మకు ఒకే ఒక్క జబ్బు. వీపో తలో ఆనించుకునే మెత్తటిది ఏది కనపడినా సరే, దాని మీద తువ్వాలు పరవందే ఆమె ప్రాణం కుదుటపడదు. అది మన ఇంటిదా, పక్కింటిదా, ప్రభుత్వానిదా అన్న పట్టింపే లేదు. ఆళ్ళగడ్డలో బీపీ మాత్రలు మర్చిపోయి ఊరికి బయల్దేరే పెద్దవాళ్ళను చూశాను గానీ, సంచిలో మూడు తువ్వాళ్ళు లేకుండా మా అత్త గడప దాటడం ఇంతవరకూ చూడలేదు.

నంద్యాల బస్సు ఎక్కగానే తన సీటుకు ఒకటి పరుస్తుంది. అంతటితో ఆగితే ఆమె మా అత్త ఎందుకవుతుంది? ముందు సీట్లో కునికిపాట్లు పడుతున్న మనిషి తల వెనక కూడా ఒకటి దూరుస్తుంది. ఒకసారి అట్లా దూరుస్తుంటే ఆ మనిషి ఉలిక్కిపడి లేచి, ముందు జేబు తడుముకున్నాడు.

"ఏందమ్మా, తలకాడ చెయ్యి పెడ్తాండావ్?"

"ఏం లేదప్పా, పండుకో. నీ తలకు నూనె ఎక్కువుండాది. సీటు పాపం."

"సీటు నీదా?"

"నీది మాత్రమా?"

పాపం, ఆయన నంద్యాల దాకా ఆ తువ్వాలు మీదే నిద్రపోయి, దిగేటప్పుడు మడిచి అత్త చేతిలో పెట్టి పోయాడు.

కోయిలకుంట్లలో మా ఆయన మహేష్ చిన్నాన్న కొడుకు రిసెప్షన్ జరిగింది. వేదిక మీద ఎర్ర వెల్వెట్ సింహాసనాలు రెండు వేశారు. అత్త అక్షింతలు పట్టుకుని మెట్లెక్కుతుంటేనే ఏం జరగబోతోందో నాకు తెలిసిపోయింది. ఆమె చంకలో సంచి ఉంది మరి. అక్షింతలు వేసింది, దీవించింది, దీవిస్తూనే పెళ్ళికొడుకు తల వెనక నీలం చారల తువ్వాలు కప్పేసింది.

"అమ్మా, తువ్వాలు తియ్! ఫోటోలో పడ్తాంది!" అని ఫోటోగ్రాఫర్ కేకేశాడు.

"పడనీప్పా. పిల్లోని తలకు ఆ జిగురు ఎంత పూసినారో సూడు. కుర్చీలు బాడుగవి. రేపు ఆ కుర్చీలోళ్ళు ఎవురిని తిడ్తారు?"

నూరు పేజీల ఆల్బంలో డెబ్బై పేజీలు ఆ నీలం చారలే ఉన్నాయి. ఆ పిల్లాడు ఇప్పటికీ మా ఇంటికి వస్తే అత్తకు దూరంగా, స్టూలు మీద కూర్చుంటాడు.

ఇలాంటి మనిషికి కోడలినైన నేను ఏం చేశానో తెలుసా? నా సొంత జీతంతో, మీగడ రంగు వెల్వెట్‌తో, గుండీలు కుట్టిన కుషన్ హెడ్‌బోర్డు మంచం చేయించుకున్నాను. నన్ను ఏమైనా అనండి, దానికో కారణం ఉంది. నేను పుట్టి పెరిగింది ఉయ్యాలవాడలో. చాప మీద కూర్చుని, సున్నం గోడకు ఆనుకుని చదువుకున్నాను. బడికి పోతే వెనక కూర్చున్న పిల్లలు నా వీపు చూసి నవ్వేవాళ్ళు. జాకెట్టు నిండా సున్నమే కదా! వార్డు సచివాలయంలో ఉద్యోగం వచ్చిన రోజే అనుకున్నాను, ఎప్పటికైనా మెత్తగా ఆనుకుని కూర్చునే మంచం ఒకటి కొనుక్కోవాలని.

నంద్యాలలో కుషన్ పని చేసే ఎజ్రా నన్ను పోలీసులా విచారించాడు.

"ఇల్లు యాడక్కా?"

"ఆళ్ళగడ్డలో. శిల్పాలు చెక్కే వీధి పక్కన."

"ఇంట్లో తలకు ఏం నూనె పెడ్తారు?"

"నేను మంచం కోసం వచ్చినానప్పా, తల కోసం కాదు."

"రెండూ ఒకటేనక్కా. నూనె తల ఆనితే గుడ్డకు మరక. రాతి దుమ్ము ఈ గుండీల గుంటల్లో దిగితే మళ్ళ బయటికి రాదు. గోధుమ రంగు రెగ్జిన్ ఏపిచ్చుకో. తడిగుడ్డ పెట్టి తుడిస్తే సరిపాయె."

"నాకు మీగడ రంగే కావల్ల."

ఎజ్రా నన్ను జాలిగా చూసి, టేపు తీసి కొలతలు రాసుకున్నాడు. వాడు చెప్పిన ప్రతి మాటా నిజమే. ఇష్టపడినప్పుడు నిజాలు ఎవరికి కావాలి?

మంచం ఇంటికి వచ్చిన రోజు అత్త దాని చుట్టూ మూడుసార్లు తిరిగింది. వేలితో వెల్వెట్‌ను పైకొకసారి, కిందికొకసారి నిమిరింది.

"ఇదేంది?"

"హెడ్‌బోర్డు అత్తా. ఆనుకుని కూర్చునేదానికి."

"గోడ పడిపోయిందా?"

"గోడ గట్టిగుంటాది."

"మంచమనేది పండుకునేదానికి. కూర్చునేదానికి కుర్చీలుండాయి. మధ్యలో ఈ తలకాడ సోఫా ఏంటికి?"

ఆ పేరే స్థిరపడిపోయింది. గంట తిరిగేసరికి నా మీగడ రంగు వెల్వెట్ మీద పచ్చ తువ్వాలు కూర్చుంది.

అక్కడి నుంచి యుద్ధమే. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి నేను తువ్వాలు తీసేసేదాన్ని. మర్నాడు వచ్చేసరికి ఇంకో తువ్వాలు ఉండేది. సోమవారం పచ్చది, మంగళవారం ఎర్రది, బుధవారం గళ్ళది. తనకు నచ్చని మంచాన్ని కప్పిపెట్టి నన్ను ఎద్దేవా చేస్తోందని నాకు ఒళ్ళు మండేది. మహేష్‌ను అడిగితే, "మీరిద్దరూ తేల్చుకోండి, నాకు దిండు చాలు" అని తప్పించుకునేవాడు. ఒక శనివారం మధ్యాహ్నం మా ఆఫీసులో పనిచేసే భానుప్రియ మంచం చూడాలని ముచ్చటపడి వచ్చింది. గొప్పగా పడగ్గది తలుపు తీశాను. హెడ్‌బోర్డు మీద ఆరోజు ఎరువుల అంగడి వాళ్ళు పంచిన తువ్వాలు ఉంది. యూరియా, పొటాష్ అని ఇంతింత అక్షరాలు. భానుప్రియ మర్యాదస్తురాలు కాబట్టి, "రంగు బాగుంది" అంది.

ఇట్లా రెండేళ్ళు గడిచాయి. ఈ ఏడు శనగలు ఇంటికి చేర్చే రోజుల్లో మా నాయన నారాయణ ట్రాక్టరు మీద నుంచి మూటలు దించుతూ జారి పడ్డాడు. భుజం దగ్గర ఎముక విరిగింది. నంద్యాల డాక్టరు చెయ్యి మెడకు వేలాడదీసి కట్టు కట్టి, గట్టిగా చెప్పాడు.

"మూడు వారాలు వెల్లకిలా పండుకోగూడదు పెద్దాయనా. ఏటవాలుగా వెనక్కి ఆనుకునే నిద్రపోవల్ల. ఎముక కదిలిందంటే ఆపరేషనే."

"మన మంచం ఉండాది కదా మామా, ఆళ్ళగడ్డకు పోదాం" అన్నాడు మహేష్. రెండేళ్ళలో ఆ మంచం గురించి ఆయన అన్న మొదటి మంచి మాట అది.

నాయన వచ్చాడు. కూతురింట్లో అన్ని రోజులుండడమే ఆయనకు మొహమాటం. దానికి తోడు తల నిండా ఆముదం. మా నాయన ఆముదం పెట్టుకోవడమంటే మామూలుగా ఉండదు, చెవుల వెనక నుంచి కారాల్సిందే. అది చూసి మా అత్త వెంటనే రంగంలోకి దిగింది. హెడ్‌బోర్డుకు ఒకటి కాదు, మూడు తువ్వాళ్ళు పొరలు పొరలుగా వేసి, నాలుగు మూలలా పిన్నీసులు గుచ్చింది. నాయన గుమ్మంలో నిలబడి ఆ తతంగమంతా కళ్ళప్పగించి చూశాడు.

చూసినవాడు ఆనుకుంటాడా? మంచం మీద కూర్చున్నాడు గానీ, హెడ్‌బోర్డుకు జానెడు దూరంలో, కర్రలా నిటారుగా కూర్చున్నాడు.

"ఆనుకో నాయనా."

"నాకిట్లే బాగుండాది."

"డాక్టరు ఏం చెప్పినాడు?"

"డాక్టరుకేం తెలుసు? ఆముదం తువ్వాళ్ళను దాటి పోతాది బిడ్డా. నువ్వు ఇష్టపడి చేపిచ్చుకుంటివి. మీ అత్త అంత భద్రంగా కాపాడుకుంటాంది. నేనొచ్చి దాన్ని చెరపల్లా?"

బతిమాలాను, తిట్టాను, తలకు షాంపూ పెడతానన్నాను. కట్టు తడుస్తుందని అదీ వద్దన్నాడు. రెండు రాత్రులు ఆయన కన్ను మూయలేదు. మూడో రోజుకు మంచం దిగి, పక్కనే వేసిన ప్లాస్టిక్ కుర్చీలోకి మారాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి, భుజం వాచింది. మధ్యాహ్నం అన్నం తిన్నాక చల్లగా ఓ మాట అన్నాడు.

"ఆటో పిలిపీయ్ బిడ్డా. ఉయ్యాలవాడకు పోతా. మనింట్లో అయితే గోడుండాది."

ఆ గతుకుల రోడ్డు మీద, ఆ భుజంతో, ఆటోలోనా? నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఆయన మీద అరవలేక వంటింట్లోకి పోయి అత్త మీద అరిచాను.

"అంతా నీ వల్లే అత్తా! నీ తువ్వాళ్ళు, నీ పిన్నీసులు చూసే మా నాయన భయపడి సస్తాండాడు. ఆ బోర్డు దేవుడి పటమనుకున్యాడు!"

ఎప్పుడూ మాటకు మాట అప్పజెప్పే అత్త ఈసారి చేతిలో గరిటె పక్కన పెట్టి పెరట్లోకి పోయింది. అలిగిందనుకున్నాను. అలగనీ అనుకున్నాను.

ఐదు నిమిషాలకు తిరిగి వచ్చింది. కొప్పు ముడి విప్పేసుకుంది. ఆముదం గిన్నె మొత్తం నడినెత్తిన వంపుకున్నట్టుంది, నుదుటి మీద నుంచి ధార కడుతోంది. నేరుగా పడగ్గదిలోకి నడిచింది. పట పట పిన్నీసులు పీకి, మూడు తువ్వాళ్ళనూ నేలకేసి కొట్టింది. రెండేళ్ళలో ఒక్కనాడూ ఆ మంచం మీద కూర్చోని మనిషి, ఎక్కి కూర్చుని, సరిగ్గా నడిమధ్యన, నా మీగడ రంగు వెల్వెట్‌కు తల ఆనించింది. ఆనించి ఊరుకుందా? కుడికీ ఎడమకీ రుద్దింది.

"అత్తా!" అని నేను పెట్టిన కేకకు పక్క వీధిలో రాయి కోసే మిషను ఆగిపోయింది.

అత్త లేచి పక్కకు జరిగింది. బోర్డు మధ్యలో జొన్నరొట్టె అంత మరక తళతళలాడుతోంది.

"సూడన్నా" అంది మా నాయనతో. "చెడిపొయ్యింది. ఇంగ దీంట్లో కాపాడేకి ఏం మిగల్లేదు. నువ్వొచ్చి పండుకో."

నాయన మరకను చూశాడు. జిడ్డు కారుతున్న మా అత్త మొహాన్ని చూశాడు. నోరు తెరుచుకుని నిలబడ్డ నన్ను చూశాడు. ఆయనకు నవ్వు పొంగింది.

"నవ్వీయొద్దు చెల్లెమ్మా, భుజం నొస్తాది" అంటూనే పడిపడి నవ్వాడు. ఆ నవ్వుతోనే లేచి, మంచమెక్కి, బిడియం లేకుండా వెనక్కి వాలాడు. "అబ్బా" అన్నాడు. రెండో మాట అనకముందే గురక మొదలైంది.

నేను అత్త వెంట వంటింట్లోకి నడిచాను. ఆమె కొంగుతో నుదుటి నూనె తుడుచుకుంటోంది.

"కోపమా?" అంది.

"లేదు. మరి రెండేళ్ళు నాతో ఏంటికి కొట్లాడితివి?"

"నేనేం కొట్లాడలేదు. నువ్వు ఆఫీసుకు పోతానే ఆ మిషన్లు పెడ్తారు. కిటికీ మూసినా సందుల్లోంచి దుమ్మొస్తాది. సాయంత్రానికి తువ్వాలు తెల్లగయితాది. నువ్వొచ్చేలోపల దులిపేస్తా, నువ్వు పీకినంక ఉతికేస్తా, తెల్లారినంక ఇంగోటి కప్పుతా."

రోజుకో రంగు తువ్వాలు ఎందుకో అప్పుడు తలకెక్కింది. ఎజ్రా భయపెట్టిన ఆ గుండీల గుంటల్లో రెండేళ్ళుగా పిసరంత దుమ్ము లేదు. అది వెల్వెట్ గొప్పతనమని నేను భానుప్రియ దగ్గర కోతలు కూడా కోశాను.

"ఆ మాట నాకు చెప్పొచ్చు కదా!"

"చెప్తే ఆఫీసులో కూర్చోని దాని గురించే యోచన చేస్తావ్. మంచం వచ్చిన పొద్దు నీ మొగం సూసినా. పెండ్లి పీటల మీద గూడ అంత కళ లేదు."

నాకు సిగ్గేసింది. ఆమె అంటే ఎంత ఇష్టం పుట్టుకొచ్చిందంటే, ఆ నూనె జిడ్డుతో సహా పట్టుకుని వాటేసుకున్నాను. "ఛీ, చీర పాడైతాది, దూరం పో" అని తోసేసింది.

మూడు వారాలకు నాయన భుజం అతుక్కుంది. వీపు వాల్చి, కాళ్ళు చాపి, దర్జాగా ఉండి మరీ ఉయ్యాలవాడకు పోయాడు. బోర్డు మీద అత్త మరక పక్కన ఆయన మరక కూడా గుండ్రంగా వెలిసింది. ఎజ్రాకు ఫోను చేశాను.

"గుడ్డ మార్చల్లప్పా."

"నూనె మరకేనా అక్కా? నేను ఆ పొద్దే మొత్తుకున్యా. గోధుమ రంగు రెగ్జిన్ తెస్తా."

ఇంత జరిగాక నాకూ బుద్ధి వచ్చింది, సరే అనబోయాను. అత్త నా చేతిలో ఫోను లాక్కుంది.

"రెగ్జిన్ ఏంటికప్పా? మా పిల్లకు ఆ మీగడ రంగే ఇష్టం. అదే ఎయ్. దుమ్ము సంగతి నేను సూసుకుంటా."

"మళ్ళ మరక పడితేనో?"

"మళ్ళ నిన్నే పిలుస్తాం."

అని, స్పీకరులో ఉన్న ఫోనును అట్లాగే పట్టుకుని పెరట్లోకి పోయి గొంతు తగ్గించింది. మా అత్త గొంతు తగ్గిస్తే రెండు వీధులకు మాత్రమే వినపడుతుంది.

"అప్పా, ఇంగో మాట. నవారు మంచానికి తలకాడ సోఫా తగిలిచ్చేకి అయితాదా?"

"నవారు మంచానికా! ఎవురికమ్మా?"

"ఈడ ఒక ముసలామెకు. ఆ పొద్దు ఒక్క నిమిషం ఆనుకునింది. అప్పట్నుంచి గోడకు ఆనుకోబుద్ధి అయితాలేదంట."

ఎజ్రా నవ్వడం నాకు వంటింట్లోకి కూడా వినపడింది. "చేస్తాలేమ్మా. రంగేం ఎయ్యల్ల?"

"ఆముదం రంగుది ఉండాదా?"