నీళ్ళలో ఎనిమిది అంకె

"ఓనరాంటీ పోయారాంటీ" అని ఆ అమ్మాయి ఫోన్లో చెప్పినప్పుడు నేను విన్నిపెగ్‌లో గాలాలు అమ్మే దుకాణంలో ఉన్నాను. చేతిలో రెండు ఎరలు, చెక్కతో చేసి రంగులేసిన ఉత్తుత్తి చేపలు. ఒకటి జానెడు, ఇంకోటి బెత్తెడు. "సీజన్ మొదట్లో నీళ్ళు చల్లగా ఉంటాయమ్మాయ్, చేపకి ఇంకా ఒళ్ళు బద్ధకం వదలదు. చిన్నది తీసుకో. పెద్దదాని రంగు చూసి మోజు పడకు" అని ముందురోజే ఆంటీ చెప్పింది. ఫోన్ చేసినమ్మాయి ఆంటీ ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుండే స్టూడెంట్. రోజూ పొద్దున ఆంటీ పైనుంచి కర్రతో నేల మీద కొడుతుంది. కిందనుంచి ఆ అమ్మాయి చీపురుకర్రతో సీలింగ్‌ని కొట్టాలి. బతికే ఉన్నావా అంటే ఉన్నానని. నర్సుగా రాత్రి డ్యూటీలు చేసిన మనిషి అలవాటు అది. ఆ రోజు పైనుంచి చప్పుడు రాలేదు. మెట్లెక్కి చూస్తే, నిద్రలోనే పోయింది.

"అంబులెన్స్ వాళ్ళు వచ్చి వెళ్ళారాంటీ. ఇంకెవరికి చెప్పాలో తెలీట్లేదు" అని ఏడుస్తోంది.

నేను చిన్న ఎర కొని బయటికొచ్చాను. ఎందుకు కొన్నానో ఇప్పటికీ చెప్పలేను.

ఆంటీ నాకు చుట్టం కాదు. మా వీధిలోనే, నాలుగిళ్ళ అవతల ఉండేది. గుంటూరు వైపు మనిషి. ఇక్కడ కెనడాలో వృద్ధుల హోంలో నర్సుగా చేసి రిటైరైంది. భర్త చాలా ముందే పోయాడు, కొడుకు ఎడ్మంటన్‌లో ఉంటాడు. ఆదివారం చర్చి తప్పదు. నేను నల్గొండ దాన్ని, దేవుణ్ణి నమ్మను, వ్యాసాలు రాసి తగాదాలు కొని తెచ్చుకుంటాను. రాజకీయాల్లో ఆవిడ ఒక ఒడ్డు, నేనొక ఒడ్డు. మా ఇద్దరినీ కలిపింది చేప. అదీ వండుకోని చేప.

మస్కీ గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. ఉత్తరాన సరస్సుల్లో ఉండే వేటాడే చేప ఇది. బారెడు పెరుగుతుంది, మొసలి లాంటి మూతి. రోజంతా గాలం విసిరినా ఒక్కటి కనపడకపోవచ్చు. కష్టపడి పట్టినవాళ్ళు దాన్ని మళ్ళీ నీళ్ళలోకే వదిలేస్తారు. ఇది మనవాళ్ళకి ఎంత చెప్పినా ఎక్కదు. "అంత దూరం పోయి, దోమలతో కుట్టించుకుని, దొరికినదాన్ని వదిలేసి రావడమేంటండీ?" అని ఆంటీని అడగని పెళ్ళి లేదు, పుట్టినరోజు లేదు. "చేప కావాలంటే కాస్ట్‌కోకి పోనా?" అనేది ఆవిడ.

నాకు మాత్రం ఏం తెలుసు? మొదటిసారి ఆవిడ వెంట వెళ్ళినప్పుడు చింతపండు, కారం, మెంతిపొడి, పెద్ద మూకుడు సర్దుకుని మరీ వెళ్ళాను. ఒడ్డున సంచి విప్పి చూసింది.

"ఏంటమ్మాయ్ ఇదంతా?"

"పులుసు సామాన్లాంటీ."

పడవ తాడు వదిలేసి మరీ నవ్వింది. "అది ఇరవై ఏళ్ళుగా ఈ నీళ్ళలో కాపురం ఉంటోంది. నువ్వేమో నిన్న గాక మొన్న మూకుడు పట్టుకొచ్చి పులుసంటావా! పెద్దామెకి మర్యాద ఇవ్వు." ఆ సాయంత్రం సార్డీన్ల డబ్బా కోసి, నా చింతపండుతోనే పులుసు పెట్టింది. "వీటికి అంత మర్యాద అక్కర్లేదు, కాస్త ఉప్పు చాలు" అంది. అంత బాగున్న పులుసు నేను మళ్ళీ తినలేదు.

గాలం విసరడం కాదు, విసిరిన గాలాన్ని వెనక్కి తెచ్చుకోవడమే ఆవిడ నాకు నేర్పింది. మస్కీ ఎరని వెంటనే కరవదు. వెనకే వస్తుంది, పడవ దాకా వస్తుంది, ఏమిటా అని చూస్తూ. లోతునుంచి వచ్చే దాన్ని మనం చూడలేం. అందుకని ఎర పడవ దగ్గరికొచ్చాక పైకి లాగెయ్యకూడదు. గాలం కర్ర కొసని నీళ్ళలో ముంచి, ఎనిమిది అంకె రాసినట్టు రెండు మూడుసార్లు తిప్పాలి. వెనక ఏమీ లేదని నీకు ఖాయంగా తెలిసినా తిప్పాలి. విసిరిన ప్రతిసారీ. భుజాలు పడిపోతాయి. నేను ఎగ్గొట్టేదాన్ని. ఆంటీ చూడకుండానే పట్టేసేది.

"ఎనిమిది రాయలేదు."

"వెనక ఏమీ లేదాంటీ."

"నీకేం తెలుసు, నీ వెనక ఏమొస్తోందో?"

ఏటా మా చేపల ప్రయాణం జూన్‌లో, సీజన్ తెరిచిన వారంలోనే. ప్లాను మాత్రం చలికాలమంతా సాగేది. ఆవిడ వంటింటి బల్ల మీద సరస్సు మ్యాపు పరిచేది. దాని మీద పెన్ను పెట్టనిచ్చేది కాదు. నాచు ఏటికేడు చోటు మారుతుందట, సిరా మారదట. మినుములు పోస్తే రాళ్ళు, పెసలు పోస్తే నాచు. "ఉత్తరపు ఒడ్డున నీళ్ళు లోపలికి చొచ్చుకొచ్చిన ఈ బే చూడు, అడుగున నల్ల బురద. ఎండకి ముందు వేడెక్కేది ఇదే. గుడ్లు పెట్టి అలిసిపోయినవి ఇక్కడికే వస్తాయి ఎండ కాగడానికి, బాలింతల్లాగా. మెల్లగా లాగాలి ఎరని, బతిమాలినట్టు." చివరికి డబ్బాలోంచి రెండు పుట్నాల పప్పులు తీసి ఆ బేలో పక్కపక్కన పెట్టేది. అవి మేం. మాటకి మాట పెరిగి నేను మరీ రెచ్చిపోతే నా పప్పు తీసి నోట్లో వేసుకునేది. "నువ్వు రావట్లేదు ఫో." కాసేపటికి డబ్బా మూత తీసి ఇంకోటి పెట్టేది. లేచేముందు మ్యాపు మడత పెట్టి గింజలన్నీ డబ్బాల్లోకి ఎత్తేసేది. మర్నాడు మళ్ళీ మొదటినుంచి.

రెండు పప్పులు ఉండి తీరాలి. ఒకరు చేపని లాగుతుంటే రెండోవాళ్ళు వల పట్టాలి, వలలో దాన్ని నీళ్ళలోనే ఉంచి, కొక్కెం తీసి, తోక పట్టుకుని నిలబెట్టాలి. "తనంతట తాను కదిలి వెళ్ళేదాకా చెయ్యి తియ్యకూడదు" అనేది. హోంలో ముసలివాళ్ళని నడిపించిన చేతులు ఆవిడవి. "వల పట్టే మనిషి లేకుండా మస్కీకి గాలం వెయ్యకు. నీకేం కాదులే, చేపకి అవుతుంది."

ఇక మా తగాదాల సంగతి. మన దేశంనుంచి స్టూడెంట్లు వేలకి వేలు దిగుతున్న ఏళ్ళవి. ఒక్కో బేస్‌మెంట్‌లో ఆరుగురు, మైనస్ ముప్ఫైలో బస్టాపులో వణుకుతూ పిల్లలు. ఫీజులు కావాలి గానీ పిల్లలు వద్దు. పనివాళ్ళు కావాలి గానీ పక్కింట్లో వద్దు. తెల్లవాళ్ళు ఆ మాటంటే రేసిజం అంటాం, అదే మాట మనం తెలుగులో అంటే దానికి క్రమశిక్షణ అని పేరు పెడతాం. వీళ్ళ అద్దెలతో ఇంటి అప్పు తీర్చుకుంటూ, వీళ్ళ వల్ల పరువు పోతోందని ఏడ్చే మనుషుల్ని చూస్తే నాకు... సరే. ఇది ఆవిడ గురించి రాస్తున్నది. "నీకు బ్రేకులు పెట్టడం మర్చిపోయాడమ్మాయ్ దేవుడు" అనేది. దేవుడు లేడు కదాంటీ అనేదాన్ని. "అదే, పెట్టకుండా పోయాడు" అనేది.

నేను ఇళ్ళ ఓనర్ల మీద వ్యాసం రాసినప్పుడు జంతికల పళ్ళెం ముందు పెట్టి అడిగింది.

"ఓనర్లని ఏకి పారేశావటగా. నన్ను కలిపి తిట్టావా, వదిలేసి తిట్టావా?"

"కలిపే తిట్టానాంటీ."

"మంచిది. తిను."

ఆ ఏటి ఉగాది సభలో పెద్దమనిషి ఒకాయన మైకు పట్టుకుని, కొత్తగా వస్తున్న స్టూడెంట్లు గుంపులు గుంపులుగా ఒకే ఇంట్లో ఉండి మన పేరు చెడగొడుతున్నారన్నాడు. చప్పట్లు కూడా పడ్డాయి. లేచాను. "ఆ గుంపులుంటున్న ఇళ్ళు ఎవరివండీ? ముందు వరసలో కూర్చున్నవాళ్ళవి కావా?" అన్నాను. ముందు వరసలో ఆంటీ కూడా ఉంది. ఆ తర్వాత నా పక్కన కూర్చుని ఎవరూ పులిహోర తినలేదు. ఇంటికి చేరేలోపే వాట్సాప్ గ్రూపులోంచి నన్ను తీసేశారు. పిలుపులు అప్పటికే తగ్గాయి, ఆ రోజుతో ఆగిపోయాయి. కోపిష్టి మనిషికి అభిమానులుంటారు, సాయంత్రం టీకి ఎవరూ ఉండరు.

పార్కింగ్‌లో మంచు తొక్కుకుంటూ వెళ్తుంటే పక్కన కారాగింది. అద్దం దిగింది.

"ఎక్కు."

"మిమ్మల్ని కూడా అన్నానాంటీ."

"విన్నాను. చెవుడింకా రాలేదు. ఎక్కు, జూన్ ప్లాను తేలలేదు."

దారి పొడుగునా పోట్లాడింది. "మేం రాలేదా? మంచులో బస్సు కోసం నిలబడి ఏడవలేదా?"

"మీరేడ్చారని వాళ్ళూ ఏడవాలా? మిమ్మల్ని నర్సులు కావాలని పిలిచారాంటీ. వీళ్ళని ఫీజుల కోసం పిలిచి, ఇప్పుడు ఎందుకొచ్చావంటున్నారు."

"మెల్లగా. ఇక్కడ మైకు లేదు, కార్లో ఉన్నాం."

నేనేం మారలేదు, ఆవిడా మారలేదు. ఈ విషయంలో ఆవిడది తప్పు. పోయినంత మాత్రాన ఒప్పయిపోదు, అలా అంటే లేచి వచ్చి నన్ను తిడుతుంది. కానీ ఆ రోజు వంటింట్లోకి వెళ్ళేసరికి బల్ల మీద మ్యాపు పరిచే ఉంది. సభకి వచ్చేముందే పరిచి వచ్చింది. నల్ల బురద బేలో రెండు పుట్నాల పప్పులు, పక్కపక్కన.

చర్చిలో సంతాపసభకి వెళ్ళాను. వెనక గోడ పొడుగునా స్టూడెంట్లు నిలబడ్డారు. మైకు మళ్ళీ ఆ పెద్దమనిషి చేతిలోనే. "ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి, ఎవరినీ నొప్పించని మనిషి" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఎవరినీ నొప్పించలేదట! ఎనిమిదేళ్ళు నన్ను నొప్పించింది. ఎదురుగా కూర్చోబెట్టి, జంతికలు పెట్టి, పేరుపేరునా నా అభిప్రాయాలన్నిటినీ నొప్పించింది. తర్వాత నా కోసం ప్రార్థన కూడా చేసింది. "నిన్ను కలిపేశాను, నీ పర్మిషన్ అడగలేదు" అని చెప్పి మరీ చేసింది. నాతో ఏకీభవించేవాళ్ళు నాకు దేశమంతా ఉన్నారు. నాతో పోట్లాడి, మర్నాడు మళ్ళీ తలుపు తీసే మనిషి ఒక్కతే ఉండేది. పోయినవాళ్ళని సాధువుల్ని చేసి మాట్లాడటం మనకి మర్యాద అయిపోయింది. సాధువులతో ఎవరికీ స్నేహం ఉండదు.

లేచి అదంతా అందామనుకున్నాను. అనలేదు. అంటే ఇప్పుడు కారాపేవాళ్ళు లేరు.

జూన్ వచ్చింది. పడవ బుకింగ్ ఆంటీ పేరు మీదే ఉంది. రద్దు చెయ్యడానికి ఫోన్ తీసి, చెయ్యలేకపోయాను. ఒక్కదాన్నే డ్రైవ్ చేసుకుంటూ తూర్పుకి వెళ్ళి, అంటారియో హద్దు దాటి, ఉత్తరానికి తిరిగాను. పక్క సీట్లో ఎవరూ "స్పీడు తగ్గించు, చట్టాలు మార్చేది తర్వాత" అనలేదు. పడవలు అద్దెకిచ్చే కెనడావిడ రేవులో తల ఎత్తి చూసి, ఇద్దరని రాశారే, ఇంకో ఆవిడేదీ అని అడిగింది. నేను తల అడ్డంగా ఊపాను. ఆమె పెద్ద వల తెచ్చి పడవ ముందు సీటు మీద పెట్టి వెళ్ళిపోయింది.

నల్ల బురద బేలోకి వెళ్ళి మోటారు ఆపాను. ఎండ నీళ్ళ మీదికి అప్పుడే వస్తోంది. దుకాణంలో కొన్న చిన్న ఎర పెట్టెలోంచి తీశాను. వల పట్టే మనిషి లేదు. పట్కారుతో ఎరకున్న కొక్కేలు రెండూ ఊడదీసి జేబులో వేసుకున్నాను. ఉత్త చెక్క చేపని విసిరాను. మెల్లగా, బతిమాలినట్టు లాగాను. పడవ దగ్గర ఎనిమిది రాశాను. మళ్ళీ విసిరాను. మళ్ళీ రాశాను. ఎగ్గొడితే పట్టుకునేవాళ్ళు లేనప్పుడు ఎగ్గొట్టబుద్ధి కాలేదు.

భుజాలు లాగేస్తున్న వేళ, ఎర వెనక నీళ్ళు కాస్త చిక్కబడినట్టనిపించింది. నీడ. ఆ నీడకి మూతి వచ్చింది, కన్ను వచ్చింది. పడవంత పొడుగున్నట్టనిపించింది. నేను కర్ర కొస ముంచి తిప్పాను. నాతో పాటే తిరిగింది. ఎనిమిది నడుమ వంపులో ఒక్క క్షణం ఆగి, ఎరని కాదు, నన్ను చూసినట్టు చూసి, మళ్ళీ తిరిగింది.

"ఆంటీ, వల!" అన్నాను.

బే అంతా వినపడేలా అన్నాను. చేప తొందరపడకుండా, తనంతట తానే నల్లటి నీళ్ళలోకి దిగిపోయింది. ముందు సీటు మీద వల పొడిగా ఉంది. నా చెయ్యి ఇంకా నీళ్ళలో ఎనిమిది రాస్తూనే ఉంది.