నేను తప్పుగా నేసిన రోజు

అప్పుడు నాకు పద్దెనిమిదేళ్లండి. మాది బండారులంక. నాన్నగారు మగ్గం నేసేవారు. ఎనభైల మొదట్లో ఆయన వెన్నుపూసలో గడ్డ పుట్టింది. ఇలాంటిది చాలా అరుదని చెప్పి విశాఖపట్నంలో ఆపరేషన్ చేసేరు. ప్రాణం దక్కింది గాని కాళ్లు చచ్చుబడిపోయేయి. రోజూ డాక్టరుగారు వచ్చి "కాలి వేలు కదపండి" అనడం, నాన్నగారు చెమటలు కక్కడం, అది కదలకపోవడం!

ఆపరేషనైన పన్నెండో రోజున డాక్టరుగారు, "అసలు మగ్గం ఎలా నేస్తారమ్మా?" అని నన్నడిగేరు. నేను హుషారుగా స్టూలు మీద కూర్చుని, నూలు కండె ఉన్న నాడెను విసురుతున్నట్టు చేతులు ఆడిస్తూ, నోటితో టకటకమని చప్పుడు చేసేను. వార్డంతా ఒకటే నవ్వు. సిగ్గుతో చచ్చిపోయేను.

"కాలితో కింది చెక్క తొక్కకుండా నాడె వేసేస్తావేంటే! ఎన్నిసార్లు చెప్పేను? ఇదిగో, ఇలా తొక్కాలి!" అని నాన్నగారు మంచం మీంచి కసిరేరు.

దుప్పటి కింద ఆయన కాలి బొటనవేలు వంగింది.

డాక్టరుగారు గబుక్కున దుప్పటి లాగేసి, "అమ్మాయ్, ఇంకోసారి తప్పుగా నెయ్యి!" అన్నారు.

ఏడాది తిరక్కుండా నాన్నగారు మళ్లీ మగ్గం గుంటలోకి కాళ్లు దించి నేయడం మొదలెట్టేరు. ఇప్పటికీ నా పనికి ఎవరైనా వంక పెడితే నాకు కోపం రాదండి. ముందు వాళ్ల కాళ్ల వైపు చూస్తాను.