చీర కోసమని ధర్మవరం వెళ్ళి వచ్చిన వైనం

హిందూపురంలో మా గడప నుంచి ఆసుపత్రి గేటుకు ఆరు వందల పన్నెండు అడుగులు. రెండుసార్లు కొలిచాను. అక్కడ వేసే సూది కోసమే మా అల్లుడు నాగరాజు, నేను ఉదయం ఆరున్నర రైలెక్కి ధర్మవరం వైపు బయలుదేరాం.

కారణం ఇది. మా అమ్మాయి సావిత్రికి ఏడో నెల. రక్తపరీక్షలో సిఫిలిస్ అని తేలింది. వైద్యం అందకపోతే కడుపులోని బిడ్డకూ సోకుతుంది, ప్రాణం మీదికీ రావచ్చు. వారానికొకటి చొప్పున మూడు పెన్సిలిన్ సూదులు రాశారు. రెండు పడ్డాయి. మొగుడూ వేయించుకోకపోతే ఆమెకు మళ్ళీ అంటుకుంటుందని నర్సు చెప్పింది.

"ఆయప్ప సూది చీటీ తెచ్చేదాకా ఈ గడప తొక్కనీయొద్దు నాయనా" అని సావిత్రి తెగేసి చెప్పింది.

నాగరాజుకు సూదంటే భయం లేదు, తెలిసినవాళ్ళంటేనే భయం. "ఈడ అందరూ నన్నెరుగుదురు మామా" అన్నాడు. సీమంతం చీర కోసం పోతున్నామని వీధిలో చెప్పింది మాత్రం నేనే.

ఏడుంబావుకు పెనుకొండలో దిగాం. ఇడ్లీ తిని, అక్కడి ఆసుపత్రి తెరిచే తొమ్మిదిదాకా కొండ మీది కోటను చూస్తూ కూర్చున్నాం. ఆసుపత్రిలో చీటీల కిటికీకి పది అడుగుల దూరంలో నాగరాజు గిరుక్కున తిరిగాడు.

"మామా, ఆడ కూర్చున్నోడు నా పెండ్లికి వచ్చినోడు!"

ధర్మవరం బస్సెక్కాం. పదకొండుకు అక్కడి ఆసుపత్రిలో వరుసలో పద్నాలుగు మంది. ఎనిమిదోవాడు మా వీధి రంగప్ప, ముఖానికి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు.

"ఏమప్పా, మీరూ ఈడనేనా?"

"చీరకొచ్చినాం" అన్నాను.

"నేనూ చీరకే."

నర్సు సావిత్రి చీటీ చదివి నాగరాజును ఎగాదిగా చూసింది. "హిందూపురమా? మీ ఊరోళ్ళు ఈడికొస్తారు, మా ఊరోళ్ళు మీ ఊరికి పోతాండారు. ఆ పిల్ల రెండు సూదులు పొడిపించుకునేలోగా నువ్వు ఒక్క సూదికి ఊర్లు తిరుగుతాండావు. పండుకో!"

మందు చెరిసగం చేసి రెండు పిరుదులకూ వేసి చీటీ ఇచ్చింది. ఏ పక్కకు ఒరిగినా లాభం లేకుండా పోయింది.

రెండున్నర రైల్లో సీట్లు ఖాళీ. నాగరాజు నిలబడే ఉన్నాడు. ఎదుటి సీటులో ఒక అవ్వ, తనదీ హిందూపురమేనట.

"జాగా ఉండాదే, కూర్చోప్పా."

"వద్దవ్వా, గాలి బాగుండాది."

"ధర్మవరం పోయి చీర తేకుండా వస్తాండారా?"

నాగరాజు నా వైపు చూశాడు. ఈసారి జవాబు అతనికే వదిలేశాను.

"చీరకు కాదవ్వా. నా బిడ్డ కోసం సూది ఏయించుకున్నా."

"కడుపుతో ఉండేది నీ పెండ్లామా, నువ్వా?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పేసరికి పెనుకొండ దాటింది. మొదట గొంతు తగ్గించి చెప్పాడు. అవ్వకు కాస్త చెవుడు. చివరికి పెట్టెలో అందరికీ వినబడేలా చెప్పాడు. ఎవరూ దిగిపోలేదు.

హిందూపురంలో దిగుతూ అవ్వ అతని చెయ్యి పట్టుకుంది. "మా మనవరాలికి నాలుగో నెలప్పా. ఈ పరీక్ష యాడ చేస్తారు?"

"ఈ ఊర్లోనే అవ్వా. మా మామ ఇంటి కాడి నుంచి ఆరు వందల పన్నెండు అడుగులు" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "మంగళవారం సావిత్రిని మూడో సూదికి నేనే పిల్చుకపోతా మామా. నడిచే పోతాం" అన్నాడు.