గుండుకు ముందు ఫోటో, గుండు తర్వాత మనిషి: చిత్తూరు నుంచి ఒక పోలీసు స్టేషన్‌కు

బుధవారం పొద్దున ఏడుంబావుకు కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. చిత్తూరులో నేను పనిచేసే బేకరీలో అప్పుడే మొదటి వాయి బన్నులు పొయ్యిలోంచి బయటికి తీస్తున్నారు. పోలీసు స్టేషన్ నుంచి మాట్లాడుతున్నామన్నారు. టేక్ బహదూర్ అనే మనిషి తెలుసా అని అడిగారు. తెలుసన్నాను. "మనిషి ఈడుండాడు. నీకు సెప్పమన్నాడు, సెప్తాండాము," అని పెట్టేశారు. బహదూర్ నేపాలీ. మా బేకరీలో ఎనిమిది నెలలు పొయ్యి దగ్గర పనిచేసి, మూడు వారాల కిందట ఏర్పేడు దగ్గర కాలేజీ పిల్లలకు వండే ఒక మెస్సులో వంటమనిషిగా చేరాడు. ఆ ఎనిమిది నెలలూ బేకరీ మిద్దె మీది గదిలో పక్కపక్కనే పడుకున్నాం. ఇద్దరమూ మాట్లాడే రకం కాదు. అతని భార్య పేరేమిటో కూడా నేనెప్పుడూ అడగలేదు. అలాంటివాడు స్టేషన్‌లో నా పేరు చెప్పాడంటే, ఈ చుట్టుపక్కల చెప్పుకోవడానికి అతనికి ఇంకెవరూ లేరన్నమాట. యజమానిని సెలవు అడిగి బయలుదేరాను. పరాయి దేశం నుంచి వచ్చి పనిచేసుకునే మనిషి కోసం మీలో ఎవరికైనా ఇలాంటి ప్రయాణం పడితే పనికొస్తుందని వేళలూ ఛార్జీలూ దారీ రాస్తున్నాను. స్టేషన్ ఉన్న ఊరి పేరు మాత్రం రాయను. అక్కడివాళ్లు వేరే చోటివాళ్లకన్నా చెడ్డవాళ్లని నాకు అనిపించలేదు.

చిత్తూరు బస్టాండులో ఎనిమిదింటికి తిరుపతి బస్సు దొరికింది. టికెట్ నూట పదిహేను. ఈ దారిలో పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక బస్సు ఉంటుంది కాబట్టి ముందుగా సీటు రిజర్వు చేయించుకోవాల్సిన పని లేదు. చంద్రగిరి వచ్చేసరికి తొమ్మిదిన్నర అయింది. నా పక్క సీటులో అప్పటిదాకా ఎవరూ కూర్చోలేదు. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను కానీ కళ్ల ముందు ఉన్నది వేరే ఊరు. పన్నెండేళ్ల కిందట నేను గల్ఫ్‌లో ఒక రొట్టెల కార్ఖానాలో పనిచేసేవాడిని. ఆరో తరగతితో బడి మానేసినవాడిని. హిందీ, కొంచెం ఇంగ్లీషు అక్కడి గదిలో కూర్చుని సొంతంగా నేర్చుకున్నాను కానీ అరబ్బీ చదవడం రాలేదు. ఒక శుక్రవారం మందుల షాపుకు వెళ్తూ గుర్తింపు కార్డు గదిలో మరిచిపోయాను. తనిఖీలో పట్టుకున్నారు. స్టేషన్‌లో ఒక కాగితం ముందు పెట్టి, ఎక్కడ సంతకం పెట్టాలో వేలితో చూపించారు. పెడితే వదిలేస్తారనుకుని పెట్టాను. యజమాని దగ్గర్నుంచి పారిపోయానని అందులో రాసి ఉన్న సంగతి, నాలుగు రోజుల తర్వాత లోపల ఉన్న కేరళ మనిషి ఒకాయన చెబితే తెలిసింది. పంతొమ్మిది రోజులు ఉంచి విమానం ఎక్కించారు. ఆ పంతొమ్మిది రోజుల్లో నా కోసం ఎవరూ రాలేదు. మన దేశపు రాయబార కార్యాలయానికి కబురు పంపమని అడిగే హక్కు నాకు ఉండేదని ఇక్కడికి వచ్చాక ఒక పుస్తకంలో చదివాను. ఆ తర్వాత మన చట్టం కూడా కొంచెం కొంచెంగా చదివాను. ఎవరితోనూ దాని గురించి మాట్లాడలేదు.

తిరుపతి చేరేసరికి పది కావస్తోంది. శ్రీకాళహస్తి బస్సులు పది నిమిషాలకొకటి ఉంటాయి. నేను దిగాల్సిన చోటికి టికెట్ నలభై. బస్సు నిండా కొండ దిగి కాళహస్తికి పోయేవాళ్లే. పిల్లలకూ పెద్దలకూ గుండ్లు, వాటి మీద ఆరిపోయిన గంధం, ఒళ్లో లడ్డూ సంచులు. ఒక కుటుంబం నన్ను జరగమని మూడు సీట్లలో అయిదుగురు సర్దుకుని కూర్చుంది. బస్సు దిగిన చోటి నుంచి స్టేషన్ రెండు కిలోమీటర్లు. ఆటోకి నలభై రూపాయలు.

"స్టేషన్‌కాడ ఎవురుండారన్నా నీకు?" అన్నాడు ఆటో అతను.

"తెలిసిన మనిషి."

"నిన్న సాయంత్రం బస్టాపుకాడ ఒక గుండాయన్ని జీపులో ఎక్కించుకోని పొయినారు. మొగం సూస్తే ఈ పక్క మనిషి కాదు. ఆయనేనా?"

"మా వానికి గుండు లేదు. తలనిండా జుట్టుంది," అన్నాను.

"అట్లయితే వేరేవాడు లే," అన్నాడు అతను.

ముందు గదిలో యాభై దాటిన హెడ్ కానిస్టేబుల్ ఒకాయన రాసుకుంటున్నాడు. కళ్లద్దాల పైనుంచి చూశాడు. పేరు చెప్పి, పొద్దున ఫోన్ వచ్చిందన్నాను.

"టేక్ బహదూర్‌కి నువ్వేమవుతావప్పా?"

"ఏమీ కాను సార్. ఒకచోట పనిచేసినాం."

"ఏమీ కానోడివి సిత్తూరు నించి బస్సెక్కి వచ్చినావా?"

ఆయన రిజిస్టరు తిప్పి పెన్ను పట్టుకున్నాడు. "ఈడ ఏదో ఒకటి రాయాల గదా. స్నేహితుడు అని రాసుకుంటా, సరేనా?"

"రాసుకోండి సార్."

వెనక బల్ల మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. నున్నటి గుండు, మీసం లేదు, తల మీద గంధం చారలు. చెవి కింద పొయ్యి దగ్గర కాలిన మచ్చ చూసి గుర్తుపట్టాను. బహదూర్ లేచి నిలబడి, "అన్నా, వచ్చినావా," అని మళ్లీ కూర్చున్నాడు.

సంగతి హెడ్ కానిస్టేబులే చెప్పాడు. నేపాల్ వాళ్లకు మన దేశంలో ఉండటానికీ పనిచేయడానికీ వీసా అక్కర్లేదు. నేపాలీ అని చూపించే, ఫోటో ఉన్న కార్డు ఉంటే చాలు. బహదూర్ దగ్గర వాళ్ల దేశపు పౌరసత్వ కార్డు ఉంది. భార్యకు ఆపరేషన్ బాగా జరిగితే తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాడట. మంగళవారం కొండకు పోయి మొక్కు తీర్చుకుని, కాళహస్తి కూడా చూసుకుని మెస్సుకు తిరిగి వెళ్తూ బస్సు మారడానికి దిగినప్పుడు తనిఖీలో ఆపారు. "కార్డులో జుట్టు ఇంత, మీసం ఇంత. ఈ మనిషిని సూడు. ఇంకొకరి కార్డు పెట్టుకోని తిరుగుతాండాడేమో అని మా అనుమానం. యాడోడో ఎవురికి తెలుసు?"

"గుండు కొట్టించుకుంటే ఎవరైనా అట్లే ఉంటారు గదా సార్."

"దొంగలు గూడా కొట్టించుకుంటారప్పా ఈ పక్క. నాకు ముప్పై ఏండ్ల సర్వీసు." బల్ల మీద ఒక కాగితం నా వైపు జరిపాడు. "ఒక సంతకం పెట్టరా నాయనా అంటే రాత్రి నించి పెట్టడు. అన్న వస్తాడు, అన్న వస్తాడు అంటాడు. ఆ అన్నవి నువ్వేనా?"

కాగితం తెలుగులో ఉంది. నా వద్ద సరైన పత్రాలు లేవు, చూపిన కార్డు నాది కాదు, తప్పు ఒప్పుకుంటున్నాను అని ఉంది. దాని కింద బహదూర్ పేరు పడితే అతని మీద కేసు నడుస్తుంది, ఆ తర్వాత మన దేశంలో పని ఉండదు. నేను మాట్లాడాలి. మామూలుగా ఇలాంటి చోట నేను తల ఊపి వచ్చేస్తాను.

"సార్, ఇతన్ని అరెస్టు చేసినారా, ఊరికే అడగడానికి ఉంచినారా?"

ఆయన కళ్లద్దాలు తీశాడు. "లాయరువా?"

"కాదు సార్. బేకరీలో లెక్కలు రాస్తాను."

"అయితే పొయి లెక్కలు రాసుకో."

నేను కదల్లేదు. మెల్లగా చెప్పాను. "అరెస్టయితే ఎందుకో అతనికి అర్థమయ్యే భాషలో చెప్పాలంట సార్. లాయరును పిలుచుకోనియ్యాలంట. పట్టుకున్నప్పటి నుంచి ఇరవై నాలుగు గంటల్లోపల మేజిస్ట్రేటు ముందర పెట్టాలంట. పోలీసులకు ఇచ్చే వాంగ్మూలం మీద సంతకం అక్కర్లేదంట. మన దేశం మనిషి కాకపోయినా అంతే అంట."

"అంట, అంట. ఎవురు సెప్పినారు?"

"చదివినాను సార్."

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. కాగితం తిరిగి ఫైలులో పెట్టుకున్నాడు. "ఎస్సైగారు కాళహస్తి కోర్టుకి పొయినారు. వచ్చినాక ఆయనతో మాట్లాడుకో. అంతవరకు సంతకం సంగతి నేనెత్తను. ఈనికి ఏమన్నా తిండి తెచ్చి పెట్టు."

అప్పుడు పదకొండున్నర. ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. కోర్టు ఆవరణలో న్యాయసేవల కార్యాలయం ఉంటుంది. స్టేషన్‌లో ఉన్న మనిషికి లాయరును డబ్బు తీసుకోకుండా ఇస్తారు, అతను ఏ దేశంవాడైనా సరే. బయటికి వచ్చి ఫోన్ చేశాను. ఒక లాయరమ్మ మాట్లాడి, కోర్టు పని అవగానే వస్తానని, ఈలోగా ఏ కాగితం మీదా వేలు కూడా పెట్టనివ్వొద్దని చెప్పింది. రోడ్డు అవతల ఒకావిడ టీ అంగడి. నిమ్మకాయ చిత్రాన్నం పొట్లం ముప్పై రూపాయలు. రెండు కట్టమన్నాను.

"గుండాయన మనిషివా నువ్వు?" అంది ఆవిడ. "మా ఆయన గుండు కొట్టించుకోనొస్తే నా బిడ్డే తలుపు తియ్యలా, ఎవురో వచ్చినారని. నేను గూడా ఒక్క నిమిషం ఆలోసించినా, తియ్యాల్నా వద్దా అని." పొట్లాల పక్కన ఊరగాయ పెట్టి దానికి డబ్బు తీసుకోలేదు.

తినేటప్పుడు బహదూర్ హిందీలోకి దిగాడు. కార్డు మీద తన రెండు బొటనవేళ్ల ముద్రలు ఉన్నాయని, నిన్నటి నుంచి అదే చెబుతున్నానని అన్నాడు. వచ్చిన తెలుగులో వేలు, వేలు అని చెప్పబోతే, సంతకం రాదు వేలిముద్ర వేస్తానంటున్నాడని అనుకుని మళ్లీ ఆ కాగితమే ముందుకు జరిపారట.

ఎస్సై ఒకటిన్నరకు వచ్చాడు. ముప్పై నిండని మనిషి, బాగా అలసిపోయి ఉన్నాడు. వేలిముద్రల సంగతి చెప్పగానే కార్డు తెప్పించుకుని వెలుతురులో చూశాడు. సిరా పెట్టె, తెల్ల కాగితం పెట్టి బహదూర్‌ను రమ్మన్నాడు. బహదూర్ వచ్చాడు కానీ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"తెల్ల కాగితమప్పా, ఏమీ రాయలేదు గదా దాంట్లో," అన్నాడు ఎస్సై.

బహదూర్ నా వైపు చూశాడు. తెల్ల కాగితమే కదా భయం, తర్వాత దాని మీద ఏమైనా రాసుకోవచ్చు. అది నోటితో అనడానికి నాకు ధైర్యం చాలలేదు. "సార్, పైన ఒక మాట రాస్తే బాగుంటుంది. కార్డుతో పోల్చి చూడటానికి మాత్రమే అని," అన్నాను.

హెడ్ కానిస్టేబుల్ తల పట్టుకున్నాడు. "సూసినారా సార్, పొద్దున్నించి ఇదే వరస."

ఎస్సై అలాగే రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి నా చేతికిచ్చాడు. నేను పైకి చదివి బహదూర్‌కి హిందీలో చెప్పాను. అప్పుడు ముందుకొచ్చి వేళ్లు అద్దాడు. ఎస్సై ఫోన్ కెమెరాతో రెండు ముద్రలనూ పెద్దవి చేసి పక్కపక్కన పెట్టుకుని చూశాడు. నేను గోడ వైపు చూస్తూ నిలబడ్డాను.

"నేనేం నిపుణుణ్ణి కాదు. అయినా సుడి ఒకే మాదిరి ఉండాది," అన్నాడు చివరికి. మెస్సు యజమానికి ఫోన్ చేసి మాట్లాడాడు. బహదూర్ తన దగ్గర పనిలో ఉన్నాడని శుక్రవారం లోపల ఒక లెటరు పంపమని ఆ యజమానికే చెప్పాడు. ఫైలులోని కాగితం సంగతి అడగాలా వద్దా అని నేను తేల్చుకునేలోపే, హెడ్ కానిస్టేబుల్ దాని మీద అడ్డంగా రెండు గీతలు గీసి, "సూసుకో, మల్లీ అడుగుతావు," అన్నాడు. ఫోనూ కార్డూ తిరిగి ఇచ్చేశారు. రెండూ నలభైకి బయటపడ్డాం. లాయరమ్మకు ఫోన్ చేసి ఇక రానక్కర్లేదని చెప్పాను.

ఆటో ఎక్కలేదు. బస్టాపు దాకా నడిచాం. బేకరీ గదిలో లాగే పక్కపక్కనే. నాకే ఉండబట్టలేక, మెస్సు యజమాని దగ్గర్లోనే ఉండగా నాకెందుకు చెప్పమన్నావని అడిగాను.

"జీతం పుస్తకంలో సంతకం అప్పుడు నువ్వు చదివి సెప్తావు గదన్నా. ప్రతి నెలా. నేను అడగకుండానే," అన్నాడు. "యజమాని మంచోడే. కానీ చదవనియ్యకుండా సంతకం పెట్టు పెట్టు అంటాడు."

ఏర్పేడులో అతను దిగాల్సిన చోటు ఇరవై నిమిషాలే. వచ్చే ఆదివారం తిరుపతి వస్తే నేనూ వస్తాను, కలిసి భోంచేద్దామన్నాను. ఇన్నేళ్లలో నేను ఎవరినీ అలా పిలిచింది లేదు.

అతను గుండు తడుముకున్నాడు. "ఇప్పుడు కాదన్నా. జుట్టు వచ్చేదాకా బయటికి రాను. మెస్సులోనే ఉంటా. సరుకులు గూడా వాళ్లే తెస్తారు." లెక్క వేసి, "నాలుగు నెలలు," అన్నాడు. దిగి, చెయ్యెత్తి, రోడ్డు వారగా తల వంచుకుని నడిచి వెళ్లాడు.

చిత్తూరు చేరేసరికి సాయంత్రం ఆరున్నర. రానూపోనూ బస్సులూ, ఆటో, తిండీ కలిపి నాలుగు వందల పది అయింది, ఒక రోజు పట్టింది. స్టేషన్‌లో నేను చెప్పినవన్నీ పుస్తకంలో ఉన్నవే, అవి పనిచేశాయి కూడా. వాటివల్లే అతను ఆ సాయంత్రం పిల్లలకు వంట చేశాడు. కానీ తలుపు తీసి మెస్సు బయట కాలు పెట్టే ధైర్యం ఎక్కడ దొరుకుతుందో ఆ పుస్తకంలో లేదు. గల్ఫ్ నుంచి వచ్చిన కొత్తల్లో నేను కూడా గదిలోంచి కదిలేవాడిని కాదు, ఎంతకాలం అలా ఉన్నానో ఇప్పుడు లెక్క తేలదు. ఆదివారం నేనే ఏర్పేడు పోయి ఆ మెస్సులో భోంచేసి వద్దామనుకుంటున్నాను. కొండకు వచ్చే మీలో ఎవరితోనైనా పరాయి దేశపు మనిషి ఉంటే ఈ ఒక్క పని చేయించండి. గుండయ్యాక తిరుపతి బస్టాండు దగ్గర ఏ స్టూడియోలోనైనా ఒక పాస్‌పోర్టు సైజు ఫోటో తీయించి, వెనక తేదీ, తలనీలాలు ఇచ్చినట్టు ఒక మాట రాయించి, అసలు కార్డుతో పాటు జేబులో పెట్టుకోమనండి. పది నిమిషాల పని, ఎనిమిది కాపీలు వంద రూపాయలు.