పెళ్లి-4కు వేసిన తాళం

చిట్యాల హైవే పక్కన పెద్దులు నడిపే ఫోటో స్టూడియోలో కమలాకర్ పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు. డిగ్రీ మధ్యలో మానేశాడు. కంప్యూటర్ పని నెట్‌లో చదివి నేర్చుకున్నాడు. స్టూడియో కంప్యూటర్‌లో విండోస్ తీసేసి లినక్స్ ఎక్కించింది కూడా వాడే.

చుట్టుపక్కల ఊళ్లలో ఎవరైనా చనిపోతే, దినాలకు ఫోటో కట్టించడానికి ఇంటివాళ్లు ఇక్కడికే వస్తారు. చాలామందికి విడిగా ఫోటో ఉండదు. ఎవరిదో పెళ్లిలో, బంతిలో కూర్చుని తింటూ కనపడతారు. కమలాకర్ ఆ ముఖం వెతికి పెద్దది చేసి ఇస్తాడు. అందుకే పాత వీడియోలు ఉండి తీరాలంటాడు. పెద్దులుకు డిస్కులో జాగా కావాలి. రెండో డిస్కు కొనడు. సీజన్ మారినా వీడియో ఫైళ్లకు మళ్లీ పెళ్లి-1, పెళ్లి-2 అనే పేర్లే పెడతాడు.

పెళ్లి-4లో మర్రిగూడ ఊరు ఊరంతా ఉంది.

ఫైలుకు ‘మార్చరాదు’ అని గుర్తు పెడితే లినక్స్‌కు గుండెకాయలాంటి కెర్నల్ దాన్ని ఎవరినీ మార్చనివ్వదు, తుడవనివ్వదు. కానీ ఆ డిస్కును నడిపేది కెర్నల్ కాదు, దాని బయట మామూలు ప్రోగ్రాంలా నడుస్తూ ఫైళ్లను చూసుకునే ఫైల్‌సిస్టమ్. కమలాకర్ పెట్టి చూస్తే, అక్కడ ఆ గుర్తు చెల్లదని తెర మీద జవాబొచ్చింది. ఆ పని తెలిసినవాళ్లకు మెయిళ్లు పెడితే ఒక్కరూ పలకలేదు. చివరికి కమలాకరే ఆ ప్రోగ్రాంలో గుర్తు పెట్టడం, చూపడం, రాయబోతే, తుడిచేయబోతే ఆపడం అన్నీ రాసుకున్నాడు.

పెళ్లి-4కు ఆ గుర్తు పెట్టాడు. జాగా కోసం పెద్దులు దాన్ని తుడవబోతే కుదరలేదు.

“నా డిస్కుకు నీ తాళమేందిరా?”

“జాగా గావాలంటే ఇంకో డిస్కు కొనరాదే అన్నా.”

కమలాకర్ షూటింగ్‌కని చౌటుప్పల్ పోయిన రోజు, పెద్దులు కొత్త పెళ్లి వీడియోను కూడా పెళ్లి-4 అనే పేరుతోనే కాపీ చేశాడు. పాతదాని మీదే పెట్టమంటారా అని కంప్యూటర్ అడిగితే సరేనని నొక్కాడు. కాపీ ప్రోగ్రాం వేరే పేరుతో రాసి, చివర్లో పేరు మార్చి పెళ్లి-4 మీద పెట్టింది. పేరు మార్చే దారికి కమలాకర్ కాపలా పెట్టలేదు. కెర్నల్ సొంత ఫైల్‌సిస్టమైతే ఆ దారి కూడా అదే చూసుకునేది. ఇక్కడ చూసుకోవలసింది వీడొక్కడే. మరిచాడు.

తర్వాత మర్రిగూడ నుంచి శ్యామలమ్మ వచ్చింది. ఆమె భర్త ఐలేశం పోయాడు. మీరు వీడియో తీసిన గా మా ఊరి పెండ్లిల అన్నం వడ్డించిండు బిడ్డా, అంది. కమలాకర్ ధీమాగా పెళ్లి-4 తెరిచాడు. ఎవరిదో బరాత్ ఊరేగింపు. ముక్కూముఖం తెలియని పిల్లలు ఎగురుతున్నారు. పాత వీడియో పోయిందని అర్థమై వాడు ఆపేశాడు. ఆమె మాత్రం తెర మీంచి చూపు తిప్పలేదు.

“జర ముంగటికి పోనియ్యి. ఎనుక వస్తడేమో.”

వాడు పోనిచ్చాడు, చివరిదాకా. ఆఖరికి ఆధార్ కార్డు మీది మసక ముఖాన్నే పెద్దది చేసి ఇచ్చాడు. గీయన మా ఆయన లెక్క లేడు, అని ఆమె ఫోటోను కొంగులో చుట్టుకుని పోయింది.

ఆమె బస్సెక్కకముందే కమలాకర్ పేరు మార్చే దారికీ కాపలా రాశాడు.

మర్నాడు జాగా కోసం ఆ బరాత్‌ను పెద్దులు తుడవబోతే పోలేదు. కమలాకర్ గుర్తును లోపలి వీడియోకు కాక ఫైలు పేరుకు కట్టాడు. పాత వీడియో పోయినా, పేరుతో పాటు తాళం మిగిలింది.

“ఇగ దేన్ని కాపాడుతున్నవ్‌రా?” అన్నాడు పెద్దులు.

కమలాకర్ బరాత్‌లో ఎగురుతున్న ముఖాలను చూస్తున్నాడు. తాళం తీయలేదు.