వెనక్కి జరిపిన పుట

నిజామాబాద్ బస్టాండు ముందు చెరకు రసం బండి దగ్గర నిన్న ఆగాను. మిషన్‌లో నలిగి కింద పడ్డ పిప్పి నుంచి పుల్లటి వాసన గుప్పుమంది. "ఎప్పుడు కొట్టిన చెరుకమ్మా ఇది?" అని అడిగాను. "పొద్దుగాల్నే దిగింది తాతా, తాగరాదూ," అంది బండామె. అబద్ధం. కొట్టి మూడు రోజులు దాటిన చెరకుకే ఆ వాసన. గ్లాసు ముట్టకుండా వచ్చేశాను. ఆ వాసన పట్టడం నాకు నేర్పిన మనిషి శైలజ మేడమ్. ఆమె ఇప్పుడు లేదు.

బోధన్ వైపు ఒక చిన్న చక్కెర ఫ్యాక్టరీలో నేను చెరకు బండ్లు తూచే కాటా గుమాస్తాగా ఉండేవాణ్ని. ఆమె ల్యాబులో కెమిస్టు, నాకంటే పన్నెండేళ్లు చిన్న. ఏడో తరగతితో బడి మానిన నేను డిక్షనరీ ముందేసుకుని కంప్యూటరు పుస్తకాలు చదువుతుంటే, ఆఫీసులో డిగ్రీల వాళ్లందరూ నవ్వారు. ఏం చదివి నవ్వారో నాకిప్పటికీ తెలియదు. వాళ్లలో ఒక్కడికీ కాటా ముల్లు చూడటం రాదు. నవ్వనిది ఆమె ఒక్కతే. ఎక్కడి నుంచో ఒక ప్రోగ్రామింగ్ సాధనం తెచ్చి నా కంప్యూటర్లో వేసింది. అందులో ప్రతి బండీ ఒక వస్తువు. దాని మీద నొక్కితే లోపలి సంగతంతా చూపే కిటికీ తెరుచుకుంటుంది. దాన్ని ఇన్‌స్పెక్టర్ అంటారు. ఆర్నెల్లు తిప్పలుపడి యార్డులోని బండ్లన్నింటినీ అందులోకి ఎక్కించాను.

మేడమ్‌కు గర్వంగా చూపించాను. టోకెన్ నంబరు, రైతు పేరు, చెరకు కొట్టిన సమయం, అన్నీ వరుసగా ఉన్నాయి. సమయం మాత్రం సెకండ్ల లెక్కలో, చాంతాడంత అంకె.

"ఏందన్నా ఇది? గిన్ని అంకెలల్ల చెరుకేడున్నది?"

"అన్నీ ఉన్నాయి కద మేడమ్."

"అన్నీ ఉన్నయి. అందుకే ఏదీ కనవడ్తలేదు. పా, యార్డుకు పోదాం."

ఎండలో నన్ను బండ్ల మధ్యకు తీసుకుపోయింది. ఒక గడ విరిచి ముక్కు దగ్గర పెట్టింది, ఇంకో బండిలోంచి ఇంకోటి. మొదటిది తీపి, రెండోది పులుపు. "గీ వాసన రావాలె నీ కిటికీల," అంది. ఆ ఇన్‌స్పెక్టర్‌లో మనకు కావలసినట్టు పుటలు మనమే కట్టుకోవచ్చని, ఏ పుట ముందు తెరుచుకోవాలో వరుస అంకె వేసుకోవచ్చని ఆమే చూపింది. నేను ఒక పుట కట్టాను. బండి మీద నొక్కగానే, చెరకు కొట్టి ఎన్ని గంటలైందో ఒకే పెద్ద అంకె. వెనక రంగు. కొత్తదైతే పచ్చన, ఆలస్యమవుతున్నకొద్దీ ఎరుపు. దాని వరుస అంకె ఒకటి. అంకెలు తప్ప చదువు రాని యార్డు మేస్త్రీ కూడా నా తెర మీదికి తొంగిచూసి, ఎర్రబడ్డ బండిని ముందు కాటాకు తోలేవాడు. నా బతుకులో నేను చేసిన మంచి పని అదొక్కటే.

తర్వాతి సీజన్‌లో చెరకు పిండే మిల్లు రోలరు విరిగింది. బండ్లు రోడ్డు దాకా నిలిచిపోయాయి. కిటికీలు తెరిస్తే అన్నీ ఎరుపే. పై నుంచి తనిఖీకి వస్తున్నారని మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "గా ఎర్ర లైటు తీసెయ్యవయ్యా. వచ్చేటోళ్లు సూస్తే మన ఇజ్జతేంగావాలె?"

నేను తీసేయలేదు. తీసేయనందుకు తెలివైనవాణ్నని కూడా అనుకున్నాను. ఒకటిని తొమ్మిది చేశానంతే. ఆ పుట అన్నింటి వెనక్కి పోయింది. ముందు టోకెన్ నంబరు వచ్చింది. రోలరు బాగైనాక మేస్త్రీ ఆ నంబరు చూసి బండ్లు తోలాడు. వెనక పుట నొక్కాలని అతనికెవరు చెప్పారు? నేను చెప్పలేదు. తనిఖీ వాళ్లు వెళ్లిపోయినా అంకె మార్చలేదు.

రోలరు బాగైన నాలుగో రోజు రుద్రూర్ వైపు నుంచి వచ్చిన గంగామణి కాటా గది కిటికీ ఊచలు పట్టుకుంది. ఎడ్లబండి, ఒంటరి మనిషి, ఆ ఒక్క చేని పంటే ఆమెకు ఆధారం. రోలరు విరగక ముందే కొట్టిన చెరకు ఆమెది. టోకెన్ మాత్రం ఆలస్యంగా దొరికింది.

"తమ్మీ, నా చెరుకు ఎప్పుడు కొట్టిన్నో నీ డబ్బల లేదా?"

"ఉంది అక్కా."

"ఉంటే మరి సూడవేంది?"

 ఆమె చెరకు ల్యాబుకు పోయేసరికి రసం పులిసింది. పనికిరాదని రాయవలసింది శైలజ మేడమే, రాసింది. గంగామణి గేటు బయట చెరకు దించేసి, ఎడ్లను కట్టుకుంది. ఆ చెరకును పశువులు కూడా ముట్టలేదు.

మేడమ్ నేరుగా కాటా గదికి వచ్చి, గంగామణి బండి తెరిచి, ఒక్కో పుటా నొక్కుతూ చివరిదాకా పోయింది. తెర ఎర్రగా నిండింది.

"తీసెయ్యలేదు మేడమ్, వెనక్కి జరిపిన అంతే," అన్నాను.

"తీసేసినా బాగుండు అన్నా. లేదు గన్క సూడలేదనుకుందుము. పెట్టుకొని సూడకపోతిమి."

'పోతివి' అనలేదు, 'పోతిమి' అంది. తిట్టినా ఇంత గుచ్చుకునేది కాదు. సీజన్ ముగియకుండానే ఆమె ఉద్యోగం మానేసింది. ఫ్యాక్టరీ మరుసటేడు మూతపడింది. ఆమె చనిపోయిన సంగతి నాకు నెల దాటాక తెలిసింది.

ఆ ప్రోగ్రాం నా దగ్గర ఇంకా ఉంది. ఎక్కడ ఆపామో అక్కడి నుంచే తెరుచుకుంటుంది. ఆమె పోయిందని విన్ననాడు తొమ్మిదిని మళ్లీ ఒకటి చేశాను, ఎవరికి పనికొస్తుందని! నిన్న బస్టాండు నుంచి రాగానే తెరిచాను. బండ్లన్నీ కాటా అయిపోయాయి, ఒక్కటి తప్ప. కాటా అయితేనే గంటల లెక్క ఆగుతుంది, తిప్పి పంపిన బండికి నేను గడి పెట్టలేదు. మా ఫ్యాక్టరీ చెరకు తిప్పి పంపుతుందని నాకు తట్టలేదు. అందుకే గంగామణి బండి నా యార్డులో ఇంకా వరుసలోనే ఉంది. గంటల అంకె అయిదు స్థానాల దాకా పోయింది. అంతకంటే ఎర్రబడే వీలు లేదు, నేను రంగు అంతవరకే రాశాను.

ప్రోగ్రాంలో ఒక్క వాక్యం రాస్తే ఆ లెక్క ఆగిపోతుంది. నాకు రాయడం వచ్చు. రాయను. రోజూ తెరుస్తాను, మొదటి పుటే చూస్తాను. నిన్నటికంటే ఇరవై నాలుగు ఎక్కువ ఉంటుంది.