పసుపు లేని అమ్మ

ఆ ఆదివారం మధ్యాహ్నం గదిలో ఉన్నవాళ్లు ముగ్గురు: నేను, ఆ గదిలో కిరాయికి ఉంటున్న మిత్రుడు, మేమిద్దరం అక్కా అని పిలిచే ఒక లెక్చరర్. ఉన్న వస్తువులు: ఒక చాప. చాప మీద చార్టు కాగితంపై గీసిన ఊరి పటం, అందులో ముప్పై ఇళ్లు. రేకు బిస్కెట్ డబ్బా ఒకటి, అందులో ఏడు నల్ల పాచికలు. జానెడు కూడా లేని మట్టి బొమ్మ. దాని ముందు ఒక నిమ్మకాయ, ఎర్రదారం, చిటికెడు కుంకుమ. గోడవారన మిత్రుడి పోటీపరీక్షల పుస్తకాలు, మోకాలి ఎత్తున. పసుపు లేదు. మరచిపోలేదు, కావాలనే తేలేదు.

గది అశోక్‌నగర్‌లో ఒక పాత ఇంటి డాబా మీద ఉంది. మిత్రుడిది జనగామ దగ్గర ఒక ఊరు. సర్కారు ఉద్యోగ పరీక్ష రెండుసార్లు హాస్టల్లో ఉండి రాశాడు, రెండుసార్లూ పోయింది. హాస్టల్ గదిలో ఎనిమిది మంచాలు. ఒకరు లైటు ఆర్పమంటే ఇంకొకరు వెయ్యమనేవారు. బ్యాచిలర్లకు ఇవ్వం అని బోర్డు పెట్టుకున్న ఈ ఇంటి ఓనర్ ఆంటీని బతిమాలి బతిమాలి ఈ గది సంపాదించాడు. ఇక్కడికి వచ్చాకే చదువు ఒక దారిలో పడింది. మూడోసారి పరీక్ష నెల రోజుల్లో ఉంది. గది పోతే మళ్లీ ఆ ఎనిమిది మంచాల మధ్యకే వెళ్లాలి. ఈ సంగతి ముగ్గురికీ తెలుసు కాబట్టే, పరీక్షకు ముందు ఇదే ఆఖరి ఆట అని అనుకుని కూర్చున్నాం.

ఆట సంగతి చెప్పాలి. ఒకరు ఒక లోకాన్ని కల్పించి చెబుతారు. మిగిలినవాళ్లు ఆ లోకంలో ఒక్కొక్క మనిషిగా మాట్లాడతారు, ఏం చేస్తారో చెబుతారు. గెలిచారా ఓడారా అన్నది పాచికలు తేలుస్తాయి. లోకం చెప్పే పని నాది. నేను చిక్కడపల్లిలో పుట్టి పెరిగాను, సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తాను. వేరేవాళ్లు రాసిన వాక్యంలో రెండర్థాలు వస్తే పట్టుకుని వెనక్కి పంపడమే నా ఉద్యోగం.

మొదట్లో విదేశీ పుస్తకాల్లోని దేవుళ్లనే వాడాను. గడ్డాలు, సుత్తులు, పిడుగులు. ఎవరూ భయపడలేదు. మిత్రుడైతే "ఈయన జిమ్ ట్రైనర్ లెక్క ఉన్నడు" అని నవ్వేవాడు. అప్పుడు నేనే దేవతల్ని తయారు చేయడం మొదలుపెట్టాను. నల్లాలమ్మ: కుళాయి నీళ్ల దేవత, రోజు విడిచి రోజు వస్తుంది, ఏ వేళకో చెప్పదు, బిందె పట్టుకుని మేలుకున్నవాళ్లకే వరమిస్తుంది. యూటర్నయ్య: నారాయణగూడ ఫ్లైఓవర్ కింద పుట్టినవాడు, ఎక్కడికి వెళ్లాలన్నా ముందు దానికి దూరంగా నడిపిస్తాడు. వీళ్లిద్దరూ నవ్వించారు. మూడో ఆమె నవ్వించలేదు.

ఆమె పేరు వాయిదాలమ్మ. నేను రాసుకున్న నియమం రెండే వాక్యాలు. మొక్కినవారికి అమ్మ వాయిదా ఇస్తుంది. ఇచ్చిన ప్రతిసారీ ఆపదకు ఒక పాచిక కలుస్తుంది.

ఊరు చెరువు కట్ట కింద ఉంటుంది. కట్ట తెగబోయిన ప్రతిసారీ మిత్రుడి పాత్ర, చెరువు తూము కాసే ఆ ఊరి నీరటికాడు, వాయిదాలమ్మకు మొక్కాడు. మొక్కినప్పుడల్లా కట్ట నిలిచింది, డబ్బాలో ఒక నల్ల పాచిక పడింది. తెగిన రోజున పాచికలు వేస్తే ఎంత అంకె వస్తే అన్ని ఇళ్లు పోతాయి, కట్ట పక్కనున్న ఇంటి నుంచి మొదలుపెట్టి వరసగా. ఏడు పాచికలకు ముప్పై ఇళ్లలో మిగిలేవి కొన్నే. ఆ ముప్పై ఇళ్లలో ఎవరు ఉంటారో, ఎవరికి ఎవరితో పడదో అంతా రాసింది మిత్రుడు. చదివి చదివి తల తిరిగినప్పుడు ఒక ఇల్లు రాసేవాడు.

బొమ్మ చేయాలన్న ఆలోచన నాది. కళ్లముందు రూపం ఉంటే భయం నిలుస్తుందని. కానీ ఏ గుడిలోని అమ్మవారికీ పోలిక రాకూడదు, అది తప్పవుతుంది. అందుకే ఒక గీత గీసుకున్నాను: పసుపు పెట్టను. పసుపు పెడితే దేవత అవుతుంది, పెట్టకపోతే బొమ్మగానే ఉంటుంది. ఆ గీత చాలా పద్ధతిగా ఉందని అప్పుడు అనిపించింది.

ఆ రోజు కట్ట తెగే ఘట్టం వచ్చింది. అక్క పాత్ర ఊరి వైద్యురాలు. అక్క నారాయణగూడలో క్లాసులు చెప్పే గొంతుతోనే మాట్లాడుతుంది, అంటే చివరి బెంచీకి వినిపించేట్టు. "ఇంక మొక్కులు నడవయి! ఇయ్యాల అమ్మకు బలి ఇయ్యకుంటె ఊరు మొత్తం పోతది!" అని చేయి చాపింది.

డాబా మీద వడియాలు తిరగేస్తున్న ఆంటీ తలుపు తోసుకుని వచ్చింది.

ఆమె మా ముఖాలు చూడలేదు. పటం చూసింది, డబ్బా చూసింది, బొమ్మ దగ్గర ఆగిపోయింది.

"ఏందిది?"

"ఆట ఆంటీ," అన్నాడు మిత్రుడు.

"ఆటల కుంకుమెందుకు? నిమ్మకాయెందుకు?" వంగి, దేన్నీ తాకకుండా వెతికింది. "పసుపేది?"

అక్క చాపిన చేయి వెనక్కి తీసుకుంది.

"పూజయితే ముందుగాల పసుపు ఉంటది. ఉత్త కుంకుమ, నిమ్మకాయ, ఎర్రదారం. పైకెల్లి బలి. నా ఇంట్ల బాణామతి, చేతబడి చేస్తున్నరా?"

నేను నోరు తెరిచాను. పసుపు ఎందుకు లేదో నా దగ్గర స్పష్టమైన జవాబు ఉంది. దేవతను చేయకూడదనే పెట్టలేదని చెప్పాలి. అంటే దేవత కానిదాని ముందు కుంకుమ పెట్టానని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టు. నోరు మూసుకున్నాను.

ఆంటీ అప్పటికే ఫోన్‌లో ఉంది. "సుల్తాన్ బజార్ల ఉన్నవా ఇంకా? పని ఇడిచిపెట్టి రా. పైన పిల్లగానితోటి పరేషాన్ అయితుంది. ఆఁ, ఖాళీ చేపిద్దాం, నువ్వు రా ముందు." ఫోన్ పెట్టేసి కుర్చీ లాక్కుని తలుపుకు అడ్డంగా కూర్చుంది. "మీ అంకుల్ వచ్చేదాక ఒక్కటి కదిలియ్యొద్దు. నువ్వెవరమ్మా?"

"లెక్చరర్‌ని ఆంటీ. గాంధీనగర్‌ల ఉంటం."

"పాఠాలు చెప్పేదానివి, బలి అంటవా?"

అక్క ముఖం ఎర్రబడింది. మిత్రుడు మాత్రం తన పుస్తకాల వరస వైపు చూస్తున్నాడు, ఎన్ని సంచులు కావాలో లెక్కేస్తున్నట్టు. తర్వాత అన్నాడు: "ఆంటీ, నిజంగా ఆటనే. జర నమ్ము. నెల రోజుల్ల పరీక్ష ఉంది నాకు."

"ఆటనే అయితే నా ముంగట ఆడుండ్రి. చూస్త."

ఇంతకంటే కష్టమైన మాట ఇంకోటి లేదు. లోకం చెప్పేవాణ్ణి నేను. అమ్మ గొంతుతో మాట్లాడాల్సింది నేను. ఏ మాట జారినా మిత్రుడి గది పోతుంది. బలి, రక్తం, కోరిక, ఆవహించడం: వాడకూడని మాటలు మనసులోనే ఒక్కొక్కటి పక్కన పెట్టాను. మిగిలినవాటితో మొదలుపెట్టాను. "కట్ట తెగింది. డబ్బాలో ఉన్న ఏడు పాచికలు వెయ్యాలి."

మిత్రుడు డబ్బా ముట్టుకోలేదు. "అన్నీ ఒక్కసారి ఎందుకెయ్యాలె?"

"అదే కదరా రూలు."

"ఏడున్నది? చదువు."

చదివాను. మొక్కినవారికి అమ్మ వాయిదా ఇస్తుంది.

"వాయిదా అంటె?"

"వెనక్కి జరపడం. పరీక్ష వాయిదా పడ్డట్టు."

"మా బాపు మోటరు వాయిదాల మీద తెచ్చిండు. అంటె ఏంది? జర జర కట్టుడు. అమ్మ వాయిదా ఇస్తదని నువ్వే రాసినవ్. నాకు వాయిదాలియ్యి. ఒక్క ఆటకు ఒక్క పాచిక ఏస్త. మధ్యల ఇండ్లు మళ్ల కట్టుకుంట."

"నేను ఆ అర్థంలో రాయలేదు."

"నీ మనసుల ఏమున్నదో నాకేం ఎర్క? కాగితం మీద ఏమున్నదో అది చెప్పు."

ఆఫీసులో ఈ వాక్యం ఎవరైనా రాసి ఉంటే నేనే వెనక్కి పంపేవాణ్ణి. ఇద్దరం గొంతులు పెంచాం. ఆంటీ ఉన్న సంగతి ఒక్క నిమిషం మరచిపోయామేమో.

"ఆగుండ్రి," అంది ఆంటీ. "ఈ అమ్మ పేరేంది?"

"వాయిదాలమ్మ," అన్నాను.

ఆమె పెదవి ఒక పక్కకు జరిగింది. "మా ఆయన ప్లాటు కేసు మీద పన్నెండేండ్ల సంది వాయిదాలకు తిరుగుతుండు. పొద్దుగాల ఇస్త్రీ అంగీ ఏసుకోని పోతడు, మాపటికి ఇంకో తారీకు పట్టుకోని వస్తడు. ఈ అమ్మ మీకు ఇప్పుడు దొరికిందేమో, మా ఇంట్ల ఎప్పట్నుంచో ఉంది."

అక్క నవ్వబోయి దగ్గుగా మార్చుకుంది.

"కోర్టుల వాయిదా అంటె ఏందో తెలుసా బాబు? ఆ రోజు నువ్వు పోయి నిలబడాలె. ఎగ్గొట్టుడు ఉండదు, ఒక్కసారే అయిపోవుడు కూడ ఉండదు." మిత్రుడి వైపు గడ్డంతో చూపించింది. "ఇయ్యాల నీ వాయిదా. ఒక్కటి ఎయ్యి."

లోకం చెప్పేవాణ్ణి నేనే. కానీ ఆ తీర్పును కాదనలేకపోయాను, నియమం ప్రకారం కూడా ఆమె తప్పు చెప్పలేదు. మిత్రుడు డబ్బాలోంచి ఒక పాచిక తీసి వేశాడు. నాలుగు పడింది.

"నాలుగు ఇండ్లు పోయినయా? ఎవరియి?"

మిత్రుడు పటం మీద వేలు పెట్టి చెప్పాడు. మొదటిది గాజులమ్మే ఆమెది, కూతురితో మాటల్లేవు, ఇద్దరూ ఒకే పొయ్యి మీద వేరువేరుగా వండుకుంటారు. రెండోది డప్పు కొట్టే ముసలాయనది, చెవులు వినబడవు. మూడోది తాళం వేసిన ఇల్లు, వాళ్లు పెళ్లికి పోయారు. ఆంటీ ముందుకు వంగింది.

"నాలుగోది?"

"అది కిరాయికి ఇచ్చిండ్రు."

"కిరాయికి ఉన్నోడు బతికిండా?"

మిత్రుడు నా వైపు చూశాడు. ఇళ్లకు నియమం ఉంది, మనుషులకు రాయలేదు. వాడకూడని మాటల్ని తప్పించుకుంటూ, మనిషిని చంపకుండా ఉండే మాట ఒక్కటే తట్టింది. "బతికే ఉన్నడు ఆంటీ. నీళ్లు రాకముందే ఖాళీ చేపించిండ్రు."

అన్నాక గానీ ఆ మాట నాకు వినబడలేదు. ఇందాక ఆమె ఫోన్‌లో అన్న మాట అదే.

"ఏడికి పోయిండు?" అంది.

"తెలియదు," అన్నాడు మిత్రుడు.

మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. అంకుల్ రెండు చేతుల్లో రెండు సంచులతో, ఆయాసంతో వచ్చాడు. బొమ్మను చూశాడు, అక్కను చూశాడు, సంచులు దించకుండానే అన్నాడు: "నేను ముందే చెప్పిన, బ్యాచిలర్లకు ఇయ్యొద్దని. ఇయ్యాలే ఖాళీ చెయ్యమను."

మిత్రుడు లేచి నిలబడ్డాడు. లేచేటప్పుడు మోకాలు తగిలి పుస్తకాల వరస పైనున్నవి రెండు కింద పడ్డాయి. వాటిని తీయలేదు.

"వాయిదా ఏసిన," అంది ఆంటీ.

"ఏందీ?"

"వాయిదా. పరీక్ష అయ్యేదాక. పన్నెండేండ్ల సంది నీకు జడ్జిలు ఇస్తలేరా?"

"బాణామతి అన్నవు కదనే ఫోన్ల!"

"చూసిన. ఆటనే. ఇండ్లు పోతయి, మళ్ల కట్టుకుంటరు. గంతే."

"పరీక్ష అయినంక?"

"అయినంక ఖాళీ చేస్తడు." ఆమె మిత్రుడి వైపు తిరిగింది. "పరీక్ష తెల్లారి నుంచి నాకు గది కావాలె బాబు. మీ అంకుల్ మాట కూడ ఉండాలె. అప్పుడు మళ్ల వాయిదా అడగొద్దు."

"సరే ఆంటీ."

అంకుల్ గొణుక్కుంటూ సంచులతో కిందికి దిగాడు. ఆంటీ కుర్చీని దాని చోట పెట్టి, నిమ్మకాయను నా చేతికిచ్చింది, పారేయమన్నట్టు. తలుపు దగ్గర ఆగింది.

"పసుపు తెచ్చి పెట్టు ఆమెకు. ఉత్త కుంకుమ మంచిది కాదు."

పసుపు పెడితే ఆమె ఇక నా బొమ్మ కాదు, ఇంకో ఆటలో దించలేను, నోట్లో మాట పెట్టలేను. ఆ సంగతి ఆంటీకి చెప్పలేదు. "సరే ఆంటీ" అన్నాను నేను కూడా.

ఆమె వెళ్లాక అక్క పడిపోయిన పుస్తకాలు తీసి వరసలో పెట్టింది. నేను పటం చుట్టాను. మిత్రుడు చాప మీద పడి ఉన్న పాచికను తీశాడు, నాలుగు ఇళ్లు పోగొట్టిన పాచికను. వాయిదా ఇచ్చిన ప్రతిసారీ ఆపదకు ఒక పాచిక కలుస్తుందన్నది నియమం, ఇవాళ ఆంటీ కూడా ఒకటి ఇచ్చింది. వాడు ఏమీ అనకుండా దాన్ని మళ్లీ డబ్బాలో వేశాడు. మూత పెట్టేముందు లెక్కపెట్టాను.

ఏడు.